కొత్త సెక్యూరిటీ పద్ధతులకు ఉద్యోగులు మొరాయిస్తున్నారా? లక్షణం నుంచి కారణం దాకా

కొత్త సెక్యూరిటీ పద్ధతి పెట్టిన మొదటి వారంలోనే ఐటీ టీమ్‌లో ఎవరో ఒకరు అనేస్తారు: "మనవాళ్లు మారరండీ." ఆ మాట దగ్గరే ఆగిపోతే ఇంకో ట్రైనింగ్ పెడతాం, ఇంకో సర్క్యులర్ పంపుతాం, పరిస్థితి మాత్రం అలాగే ఉంటుంది. బయటికి అందరిదీ ఒకే మొండితనంలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఒకరిది భయం, ఒకరికి టైమ్ లేదు, ఇంకొకరికి ఆ పద్ధతే పనికి అడ్డం పడుతోంది. ముగ్గురికీ ఒకే క్లాసు చెబితే ముగ్గురిలో ఎవరికీ పనికిరాదు.

కింద మీ ఆఫీసులో కనిపించే లక్షణం దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. దానికి ముందు ఒక పని చేయండి. అందరికంటే ఎక్కువ విసుక్కుంటున్న మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. ఏమీ నేర్పకండి, చూడండి. ఎన్నిసార్లు లాగిన్ అవుతున్నారు, ప్రతిసారీ ఎంతసేపు పడుతోంది, ఎక్కడ అడ్డదారి తొక్కుతున్నారు అన్నది రాసుకోండి. మీటింగ్‌లో ఎవరూ చెప్పని కారణాలు అక్కడే బయటపడతాయి.

లక్షణం: పాస్‌వర్డ్ కాగితం మీద, కాగితం కీబోర్డు కింద

దీనికి కారణం చాలాసార్లు మనం పెట్టిన రూలే. 60 రోజులకోసారి మార్చాలి, క్యాపిటల్ లెటర్ ఉండాలి, అంకె ఉండాలి, పాతది మళ్లీ వాడకూడదు అంటే మనిషి ఏం చేస్తాడు? పాత పాస్‌వర్డ్ చివర 1 తీసేసి 2 పెడతాడు. ఇప్పుడున్నది 2నా 3నా అన్నది మర్చిపోతానేమోనని రాసిపెట్టుకుంటాడు.

ఈ రూళ్లు బాగా వ్యాపించడానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో తెచ్చిన పత్రం ఒక పెద్ద కారణం. అందులోని పాస్‌వర్డ్ సలహాలు రాసిన బిల్ బర్, తాను చెప్పినవాటిలో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నానని 2017లో స్వయంగా ఒప్పుకున్నారు. అదే ఏడాది నిస్ట్ కూడా దారి మార్చింది. పాస్‌వర్డ్ బయటికి పొక్కిందన్న ఆధారం ఉంటే మార్పించండి, ఊరికే గడువు పెట్టి మార్పించకండి అంది. ఇప్పటికే లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చి చూడమంది. 64 అక్షరాల పొడవున్నా ఒప్పుకోమంది, పేస్ట్ చేయనివ్వమంది.

కాబట్టి ముందు గడువు రూలు తీసేయండి. ట్రైనింగ్‌లో మొదటి మాటగా "ఇకమీదట రెండు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చక్కర్లేదు" అని చెప్పి చూడండి, గదిలో వాతావరణమే మారిపోతుంది. ఒక బరువు దించాక ఇంకో బరువు ఎత్తమంటే జనం వింటారు. సంబంధం లేని మూడు పదాలు కలిపి పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోవడం అప్పుడు నేర్పండి. బ్రిటన్ జాతీయ సైబర్ సెక్యూరిటీ కేంద్రం చెప్పే పద్ధతి కూడా అదే.

పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టి అవసరమైనప్పుడు నింపే పాస్‌వర్డ్ మేనేజర్ వాడించాలంటే స్లైడ్లు పనికిరావు. వాళ్ల కంప్యూటర్లో, వాళ్లు రోజూ వాడే ఐదు లాగిన్లను వాళ్ల చేతులతోనే అందులోకి ఎక్కించాలి. మర్నాడు పొద్దున అది తనంతట తానే పాస్‌వర్డ్ నింపిందంటే ఇక మీరు చెప్పాల్సింది పెద్దగా ఉండదు. "ఒకటే పాస్‌వర్డ్ అన్నిచోట్లా పెడితే ఏమవుతుంది?" అని అడిగేవాళ్లకు, నెట్‌లో ఫైళ్లు దాచే కంపెనీ డ్రాప్‌బాక్స్ సంగతి చెప్పండి. 2012లో వేరేచోట దొంగిలించిన ఒక పాస్‌వర్డ్‌తో అక్కడి ఉద్యోగి ఖాతాలోకి ఎవరో దూరారు. కస్టమర్ల మెయిల్ అడ్రస్‌లున్న ఫైల్ ఆ ఖాతాలో ఉంది.

లక్షణం: "నా సొంత ఫోన్లో ఆఫీసు యాప్ వేసుకోను"

ఒకే వాక్యం వెనుక నాలుగు కారణాలు ఉండొచ్చు. వేరు చేసి అడగకపోతే తేలదు. అందరి ముందూ అడగకండి, విడిగా అడగండి.

ఆఫీసు నా మెసేజ్‌లు, ఫోటోలు చూస్తుందేమో అన్న భయం మొదటిది, అన్నిటికంటే మామూలుది కూడా. ఇక్కడ మీరు నిజాయతీగా ఉండాలి. పాస్‌వర్డ్‌తో పాటు కొట్టాల్సిన ఓటీపీ చూపించే అథెంటికేటర్ యాప్ వేరు, ఫోన్ మొత్తాన్ని ఆఫీసు అదుపులో పెట్టే యాప్ వేరు. మొదటిదానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడానికి కెమెరా అడుగుతుంది, అంకెలు చూపించడానికి నెట్ కూడా అక్కర్లేదు. రెండోదానితో, ఎలా అమర్చారన్న దాన్ని బట్టి, ఆఫీసు ఫోన్లోని యాప్‌ల జాబితా చూడగలదు, ఫోన్లో ఉన్నదంతా చెరిపేయగలదు కూడా. మీరు వేయమంటున్నది ఏదో స్పష్టంగా చెప్పండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ఏయే పర్మిషన్లు ఉన్నాయో తెరిచి చూపించండి. ఒక ట్రైనర్ "ఏం కాదులెండి" అని దాటేస్తే, ఆ ఒక్క మాటతో తర్వాత చెప్పే పది మాటల మీద నమ్మకం పోతుంది.

రెండోది ఫోన్ పాతదవడం, ఖాళీ లేకపోవడం, అసలు స్మార్ట్‌ఫోనే లేకపోవడం. నలుగురిలో ఈ మాట చెప్పుకోలేక "నాకిష్టం లేదు" అంటారు. మూడోది "ఫోన్ పోతే నా పని ఆగిపోతుంది కదా" అన్న టెన్షన్. ఇది న్యాయమైన ప్రశ్న. ఫోన్ లేకపోయినా లాగిన్ అవ్వడానికి పనికొచ్చే బ్యాకప్ కోడ్లు మొదటి రోజే ఇచ్చి, ఫోన్ పోతే ఎవరికి కాల్ చేయాలో చెప్పి ఉండాలి. నాలుగోది సూత్రం: ఆఫీసు పనికి కావాల్సిన సాధనం ఆఫీసే ఇవ్వాలి. దీంతో వాదించకండి, వాళ్లన్నది సరైనదే.

ఈ నలుగురిలో చాలామందికి పనికొచ్చే పరిష్కారం సెక్యూరిటీ కీ. తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న పరికరం అది, కంప్యూటర్‌కు పెట్టి వేలితో తాకితే చాలు. ఒకటి పోయినా పని ఆగకుండా మనిషికి రెండు ఇవ్వండి. ఇది సౌకర్యం ఒక్కటే కాదు, ఓటీపీ కంటే గట్టిది. 2022లో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఉద్యోగుల ఫోన్లకు నకిలీ లాగిన్ లింకులు వచ్చాయి, ముగ్గురు పాస్‌వర్డ్ టైప్ చేసేశారు. అయినా అక్కడ ఉద్యోగులందరికీ ఈ కీలు ఉండటంతో దొంగలు లోపలికి రాలేకపోయారు. ఆ కీ సైట్ అడ్రస్ సరిచూసుకునే పని చేస్తుంది, నకిలీ సైట్‌లో జవాబివ్వదు. నమ్మేసిన మనిషిని కూడా కాపాడే సాధనం ఇది. బడ్జెట్ అడిగేటప్పుడు మేనేజ్‌మెంట్‌కు నేను ముందు చెప్పేది ఈ సంగతే.

లక్షణం: "కోడ్ కరెక్టుగానే కొడుతున్నా, తప్పంటోంది"

మనిషి తప్పు కాదు. అథెంటికేటర్ యాప్ చూపించే కోడ్లు సాధారణంగా 30 సెకన్లకోసారి మారతాయి, ఫోన్లో టైమ్ తేడాగా ఉంటే కలవవు. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం ఆటోమేటిక్‌గా పెట్టండి. ఒక నిమిషం పని. దాన్ని చెప్పేవాళ్లు లేక మనిషి ఆ యాప్‌ను ద్వేషించడం మొదలుపెడతాడు.

లక్షణం: ఫోన్‌కు ఏ లాగిన్ రిక్వెస్ట్ వచ్చినా "అప్రూవ్" నొక్కేస్తున్నారు

కారణం అలవాటు. రోజుకు పదిహేనుసార్లు అడిగితే పదహారోసారి ఎవరూ చదవరు. 2022లో ఊబర్‌లోకి దొంగ ప్రవేశించింది ఇలాగే. ఒక కాంట్రాక్టర్ పాస్‌వర్డ్ సంపాదించి, రిక్వెస్ట్ మీద రిక్వెస్ట్ పంపితే చివరికి ఒకటి అప్రూవ్ అయింది.

ముందు ఆ రిక్వెస్ట్‌ల సంఖ్య తగ్గించండి. ఆఫీసు కంప్యూటర్ నుంచి మామూలు పని చేస్తున్నవాళ్లను గంటగంటకూ అడగాల్సిన అవసరం లేదు. తర్వాత, స్క్రీన్ మీద కనిపించే అంకెను ఫోన్లో కొట్టే పద్ధతి ఆన్ చేయండి. మైక్రోసాఫ్ట్ తన అథెంటికేటర్‌లో 2023 మే నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. నేర్పాల్సింది ఒక్క వాక్యం: "మీరు లాగిన్ అవ్వకుండా రిక్వెస్ట్ వస్తే మీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరో ఉన్నట్టు. కాదని నొక్కి మాకు కాల్ చేయండి."

లక్షణం: తప్పు లింక్ నొక్కారు, ఎవరికీ చెప్పలేదు

ఈ జాబితాలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. నొక్కడం ఎవరికైనా జరుగుతుంది. చెప్పకపోవడం వల్ల గంటలు, రోజులు పోతాయి.

కారణం వెతకాలంటే గతంలో చెప్పినవాళ్లకు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పేర్లు అందరికీ మెయిల్ చేశారా? మేనేజర్ గట్టిగా అరిచారా? శిక్షలాగా మళ్లీ గంటన్నర వీడియో చూపించారా? అయితే జనం నేర్చుకున్న పాఠం "దొరక్కూడదు" అన్నదే. పరీక్ష కోసం పంపే ఉత్తుత్తి ఫిషింగ్ (మోసపు లింకులున్న) మెయిళ్లతోనూ ఈ నష్టం జరుగుతుంది. 2020 డిసెంబర్‌లో వెబ్‌సైట్ పేర్లు అమ్మే కంపెనీ గోడాడీ తన ఉద్యోగులకు 650 డాలర్ల పండుగ బోనస్ అని ఒక మెయిల్ పంపింది, నొక్కినవాళ్లకు మీరు పరీక్షలో తప్పారని చెప్పింది. తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. దొంగలు అలాంటి ఎర వేస్తారన్నది నిజమే. కానీ మీరు రేపు ఇదే మనుషుల్ని నమ్మమని అడగాలి.

పరిష్కారం కొంచెం నిదానంగా పనిచేస్తుంది. మెయిల్‌లో రిపోర్ట్ బటన్ ఒక్క నొక్కుతో ఉండాలి. రిపోర్ట్ చేసిన ప్రతి ఒక్కరికీ మనిషి రాసిన జవాబు వెళ్లాలి, అది మామూలు మెయిలే అయినా సరే. "నేను నొక్కేశాను" అని వచ్చినవాళ్లతో మొదటి మాట "వెంటనే చెప్పి మంచి పని చేశారు" అయి ఉండాలి, ఎంత టెన్షన్‌లో ఉన్నా. ఎంతమంది నొక్కారన్నది లెక్కపెట్టడం తగ్గించి, ఎంతమంది ఎంత త్వరగా చెప్పారన్నది లెక్కపెట్టండి. ఒక పెద్ద మేనేజర్ తాను ఎలా మోసపోయాడో క్లాసులో చెప్పడానికి ఒప్పుకుంటే, మీ స్లైడ్లన్నీ పక్కన పెట్టి ఆయనకు ఆ పావుగంట ఇవ్వండి.

లక్షణం: ఐటీ నుంచి అని ఫోన్ వస్తే కోడ్ చెప్పేస్తున్నారు

మన ఐటీ వాళ్లు కూడా పాస్‌వర్డ్ అడుగుతున్నారేమో ముందు కనుక్కోండి. అడుగుతుంటే ఉద్యోగులు దొంగకు, మనకు తేడా ఎలా కనిపెడతారు? 2020 జూలైలో ట్విట్టర్ ఉద్యోగులకు హెల్ప్ డెస్క్ పేరుతో, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) సమస్య ఉందంటూ కాల్స్ వచ్చాయి. అలా సంపాదించిన లాగిన్లతో దాదాపు 130 ఖాతాల మీద దాడి జరిగింది. "మేము ఎప్పుడూ కోడ్ అడగం" అని రాతపూర్వకంగా చెప్పి, దానికి ఐటీ కట్టుబడాలి. ఉద్యోగులకు నేర్పాల్సింది ఫోన్ పెట్టేసి, తమకు తెలిసిన నంబర్‌కు తిరిగి కాల్ చేయడం. అలా పెట్టేసినందుకు ఎవరూ కోప్పడరని కూడా చెప్పండి. చాలామంది మొహమాటం వల్లే దొరికిపోతారు.

లక్షణం: షిఫ్ట్ మొత్తానికి ఒకే లాగిన్

1999లో ఆన్ ఆడమ్స్, ఏంజెలా సాస్ అనే పరిశోధకులు పాస్‌వర్డ్ రూళ్లను జనం ఎందుకు దాటవేస్తారో పరిశీలించారు. పని జరిగే తీరుకు పద్ధతి సరిపోకపోవడం, దాని అవసరం ఎవరూ వివరించకపోవడం అన్నవి వాళ్లకు కనిపించిన ముఖ్య కారణాలు. షేర్డ్ కంప్యూటర్ దగ్గర నిలబడితే అది ఇప్పటికీ కనిపిస్తుంది. ఎదురుగా మనిషి నిలబడి ఉన్నాడు, లాగిన్ అవ్వడానికి రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు కదలకపోతే లాక్. పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ల పేరుతోనే సాయంత్రం దాకా నడుస్తుంది.

ఇక్కడ ట్రైనింగ్ పెట్టడం దండగ. వాచీ పెట్టి లాగిన్ సమయం కొలవండి. ఐడీ కార్డు తాకిస్తే తెరుచుకునేలా చేస్తే, ఎవరి పేరుతో వాళ్లు పనిచేయడం అప్పుడు సాధ్యపడుతుంది. అది అమర్చాక కారణం చెప్పండి: మీ పేరు మీద వేరేవాళ్లు చేసిన పొరపాటుకు జవాబు చెప్పాల్సింది మీరే. ఈ మాట డేటా రక్షణ గురించిన ఏ ఉపన్యాసం కంటే త్వరగా ఎక్కుతుంది.

లక్షణం: అప్‌డేట్‌ను రోజూ "తర్వాత" అని వాయిదా వేస్తున్నారు

పని మధ్యలో రీస్టార్ట్ అడిగితే ఎవరైనా వాయిదా వేస్తారు. రాత్రికో, భోజనం టైమ్‌కో పెట్టండి, తెరిచి ఉన్న ఫైళ్లు పోవని చూపించండి. 2017 మేలో, కంప్యూటర్లోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వ్యాపించేనాటికి, అప్పట్లో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఇస్తున్న విండోస్‌లన్నిటికీ దాన్ని ఆపే అప్‌డేట్ వచ్చి దాదాపు రెండు నెలలైంది.

లక్షణం: పైవాళ్లకు మినహాయింపు

డైరెక్టర్‌కు ఓటీపీ లేదని ఒక్కరికి తెలిస్తే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. కొత్త పద్ధతి మొదటి వారం వాళ్లతోనే మొదలుపెట్టండి. దొంగలకూ ముందు కావాల్సింది వాళ్ల ఖాతాలే. వాళ్లు ఒప్పుకోకపోతే, మిగతావాళ్లకు తప్పనిసరి చేసే తేదీని వాయిదా వేయండి.

లక్షణం: అన్నీ సరిచేశాక కూడా ఒకరిద్దరు ఒప్పుకోవడం లేదు

ఇంతదాకా వచ్చాక మిగిలేది తరచుగా బిడియమే. ఒక ఆఫీసులో సీనియర్ అకౌంటెంట్ ఒకాయన మూడు క్లాసులు ఎగ్గొట్టారు. మొండిమనిషి అన్నారు అందరూ. విడిగా వెళ్లి అడిగితే, "పిల్లల ముందు నాకు రాదని తెలిస్తే బాగుండదమ్మా" అన్నారు. మర్నాడు ఆఫీసు తెరవడానికి అరగంట ముందు ఇద్దరం కూర్చున్నాం. రెండోసారికి నా సాయం అక్కర్లేకపోయింది. నెల తిరిగేసరికి ఆయన పక్క సీటు అమ్మాయికి బ్యాకప్ కోడ్లు ఎక్కడ దాచుకోవాలో చెబుతున్నారు.

అలా కూర్చున్నా కాదనేవాళ్లకు రాతలో ఒక తేదీ ఇవ్వండి. ఆ తేదీ తర్వాత ఏయే సిస్టమ్‌లు తెరుచుకోవో ముందే చెప్పండి, వాళ్ల మేనేజర్‌కూ చెప్పండి. గొంతు పెంచకండి. తాత్కాలిక మినహాయింపు ఇస్తే అది ఏ రోజుతో ముగుస్తుందో దాని మీదే రాయండి, ఆ రోజు వచ్చినప్పుడు మీరే వాళ్ల సీటు దగ్గరికి వెళ్లండి.