ఐబీఎస్ మందు పనిచేయడం లేదా? సీలియాక్ సంగతి తేల్చుకునే దారి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో ఎవరికైనా కడుపుబ్బరం, విరేచనాలు నెలల తరబడి సాగితే ఇంగ్లీషు డాక్టరు ఐబీఎస్ (పేగులో దెబ్బేమీ కనిపించకుండానే వేధించే బాధ) అంటారు, ఆయుర్వేదం వాళ్లు గ్రహణి అంటారు. సీలియాక్, అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు, అన్న మాట తట్టేవాళ్లు తక్కువ. అన్నం తినేవాళ్లకు గోధుమ జబ్బేమిటని అందరి ధీమా. ఆ ధీమాలో కొంత నిజముంది. 2016లో వచ్చిన అధ్యయనంలో ఉత్తరాదిన 1.23 శాతం మంది రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు కనిపిస్తే దక్షిణాదిన 0.10 శాతమే. కానీ ఈ జబ్బుకు కావలసిన జన్యువులు రెండుచోట్లా దాదాపు సమానంగానే ఉన్నాయి. తేడాలో పెద్ద వాటా కంచంలో గోధుమది కావచ్చు. పొద్దున పూరీ, టీలోకి రస్కు, రాత్రి షుగరుకని చపాతీ వచ్చాక ఆ తేడా ఎన్నాళ్లో నిలవకపోవచ్చు.

చదవడం ఇక్కడే ఆపేసేవాళ్ల కోసం ఒక మాట: పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకండి. ఎందుకో కింద ఉంది.

లక్షణం: నొప్పి, ఉబ్బరం, విరేచనాలు. మిగతా అంతా బాగానే ఉంది

ఐబీఎస్ అనడానికి లెక్క ఉంది. గత 3 నెలల్లో వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి రావాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం ఉండటం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, మలం రూపు మారడం, ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. బాధ మొదలై 6 నెలలు దాటాలి. ఇవి సరిపోతే ఐబీఎస్సే కావచ్చు. చిక్కేమిటంటే సీలియాక్ కూడా అచ్చం ఇలాగే నటించగలదు. అందుకే విరేచనాల రకం ఐబీఎస్ అని రాసే ముందు సీలియాక్ రక్తపరీక్ష ఒకసారి చేయించాలి.

ఐబీఎస్ చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. అది బరువు తగ్గించదు, రక్తహీనత తేదు, మలంలో రక్తం రప్పించదు. విరేచనానికి నిద్రలోంచి లేపడం కూడా దాని పద్ధతి కాదు. వీటిలో ఏది కనిపించినా మెబెవెరిన్, డైసైక్లోమిన్ లాంటి కడుపునొప్పి మాత్రలు మార్చి మార్చి వాడుతూ కూర్చోకూడదు.

లక్షణం: ఐరన్ మాత్రలు వేసినా రక్తం పట్టడం లేదు

పెద్దవాళ్లలో సీలియాక్ చాలాసార్లు ఈ వేషంలోనే వస్తుంది, విరేచనాలు లేకుండా కూడా. గ్లూటెన్ తగిలినప్పుడు శరీరం తన చిన్నపేగు మీద తానే దాడి చేసుకుంటుంది. పేగు లోపలి నూగు అరిగి చదునైపోతుంది. ఐరన్ పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం, దెబ్బ ముందు పడేదీ అక్కడే. మాత్ర ఎంత మంచిదైనా దిగడానికి రేవు లేదు.

అయితే కొరాపుట్, రాయగడ ప్రాంతాల్లో రక్తం తక్కువంటే అన్నిటికీ సీలియాక్ అనడం పొరపాటు. సికిల్ సెల్, కొంకిపురుగులు ఇక్కడ మామూలే. ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్తపరీక్ష) చూడండి. అది తక్కువైతే ఐరన్ లోటే. నులిపురుగుల మందు (ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఒక మోతాదు) అయిపోయి, నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం లేదని తేలి, మాత్ర టీతో కలిపి మింగడం లేదని నిర్ధారించుకున్నాక కూడా రక్తం పెరగకపోతే అప్పుడు సీలియాక్ పరీక్ష. ఫెరిటిన్ బాగుండి రక్తం తక్కువైతే సికిల్ సెల్ తేల్చే హిమోగ్లోబిన్ ఎలెక్ట్రోఫోరెసిస్ పరీక్ష వైపు వెళ్లాలి.

లక్షణం: పిల్ల ఎదగడం లేదు, పొట్ట ముందుకొచ్చింది

అంగన్వాడీలో ఇచ్చే ఛతువాలో సెనగపప్పు, వేరుశెనగ, పంచదారతో పాటు గోధుమ ఉంటుంది. మంచి ఆహారమే. కానీ అది అలవాటు చేసిన కొన్ని నెలలకు పిల్ల బరువు ఆగిపోయి, మలం జిడ్డుగా, కంపుగా వస్తుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. పరీక్షకు ముందు మాన్పించకండి. తేలాక చోడి జావ ఉండనే ఉంది.

లక్షణం: గోధుమ మానితే హాయిగా ఉంది

ఇది సీలియాక్‌కు రుజువు కాదు. గోధుమలో ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలుంటాయి. అవి పెద్దపేగులో పులిసి గ్యాసవుతాయి, కాబట్టి ఐబీఎస్ వాళ్లకూ గోధుమ మానితే తేలికపడుతుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా పడకపోతే అనుమానం ఫ్రక్టాన్ల మీదకే పోతుంది.

ఇప్పటికే మానేసినవాళ్లకు రక్తపరీక్షా బయాప్సీ (పేగు ముక్క తీసి చూడటం) రెండూ జబ్బున్నా మామూలుగా రావచ్చు. మళ్లీ మొదలుపెట్టాలి: రోజుకు రెండు పూటల గోధుమ, పూటకో చపాతీ అయినా, కనీసం 6 వారాలు. తట్టుకోలేకపోతే డాక్టరుతో మాట్లాడి గడువు తగ్గించుకోవచ్చు.

పరీక్ష, అందులో జరిగే తప్పులు

అడగాల్సిన సీలియాక్ రక్తపరీక్ష టీటీజీ-ఐజీఏ, దానితో పాటు టోటల్ ఐజీఏ. ఐజీఏ, ఐజీజీ అన్నవి రక్తంలోని యాంటీబాడీల రకాలు. పరగడుపు అక్కర్లేదు. ల్యాబులో తేలిగ్గా జరిగే పొరపాటు ఐజీఏ బదులు ఐజీజీ రాసుకోవడం. రసీదు మీద చదువుకోండి. టోటల్ ఐజీఏ ఎందుకంటే, కొందరి ఒంట్లో ఐజీఏ తయారే కాదు, సీలియాక్ వాళ్లలో ఇది నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది. అలాంటివాళ్ల టీటీజీ-ఐజీఏ జబ్బున్నా నెగెటివ్‌గానే వస్తుంది. వాళ్లకే ఐజీజీ పరీక్షలు పనికొస్తాయి. పాత యాంటీ గ్లియాడిన్ పరీక్ష, వందరకాల ఆహారాలకు ఐజీజీ చూస్తామనే ప్యాకేజీలు డబ్బు దండగ.

టీటీజీ ఎక్కువొస్తే ఎండోస్కోపీ. "సీలియాక్ అనుమానం, బయాప్సీ కావాలి" అని ముందే చెప్పాలి. డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) రెండో భాగం నుంచి కనీసం 4 ముక్కలు, దాని మొదట్లో ఉండే బల్బు నుంచి ఒకటో రెండో తీయాలి, ఎందుకంటే దెబ్బ అక్కడక్కడా ఉంటుంది. కంటికి అంతా మామూలుగా కనిపించినా లోపల అరిగి ఉండవచ్చు. ముక్క తీయని ఎండోస్కోపీ రిపోర్టులో "నార్మల్" అని ఉంటే సీలియాక్ లేదని అర్థం కాదు.

నూగు అరిగింది, టీటీజీ మాత్రం నెగెటివ్ అయితే? తొందరపడి గోధుమ మీద నింద వేయకండి. మన వాతావరణంలో ట్రాపికల్ స్ప్రూ అనే మరో పేగు జబ్బు ఉంది. అందులో బీ12, ఫోలేట్ కూడా పడిపోతాయి, ఫోలిక్ యాసిడ్‌తో పాటు టెట్రాసైక్లిన్ జాతి మందు కొన్ని నెలలు వాడితే తగ్గుతుంది. జియార్డియా అనే పేగు పరాన్నజీవి, పేగు టీబీ కూడా చూడాలి. బీపీకి ఒల్మిసార్టాన్ వాడుతుంటే అదీ చెప్పండి, ఆ మాత్ర కూడా ఇలాంటి దెబ్బే తీస్తుంది.

ఖరారైంది. ఇక ఇల్లు

గోధుమ, బార్లీ, రై జీవితాంతం బంద్. అన్నం, అటుకులు, మరమరాలు, చోడి, జొన్న, పప్పులు, ఇడ్లీ రవ్వ నిశ్చింతగా తినొచ్చు. ఉప్మా రవ్వ, సేమ్యా, మైదా కూడదు. అసలు ఇబ్బంది మనం గోధుమ అనుకోని వాటితోనే. నీరసంగా ఉన్నారని హార్లిక్స్, కడుపు బాగోలేదని బ్రెడ్డూ పాలూ, ఒంట్లో వేడని బార్లీ నీళ్లు: మూడూ గ్లూటెనే. రోగికి మనం ప్రేమతో పెట్టేవన్నీ ఇలా తగలడ్డాయి. డబ్బా ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది, పదార్థాల జాబితా చదవండి. ఛెనాపోడా మిఠాయిలో సుజీ (గోధుమ రవ్వ) వేస్తారు. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వే. కళ్లకద్దుకుని పక్కవాళ్ల చేతిలో పెడితే స్వామికి కోపం రాదు. చర్చిలో ఇచ్చే రొట్టె విషయం పాస్టరుగారితో ముందే మాట్లాడుకోవచ్చు.

పిండిమరలో గోధుమ ఆడిన వెంటనే మీ చోళ్లు పోస్తే ఆ పిండి పనికిరాదు. ఇంట్లో మిక్సీలో ఆడుకోవడం మేలు. జల్లెడ, చపాతీ పీట, కర్ర వేరుగా ఉంచాలి. స్టీలు పెనం బాగా తోమితే చాలు. పూరీలు వేగిన నూనెలో గారెలు వేయకూడదు. కొన్న ప్యాకెట్ల మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం.

తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలకు ఏ బాధా లేకున్నా టీటీజీ చేయించాలి.

మానినా తగ్గడం లేదు

కొన్ని వారాల్లో కడుపు తేలికపడాలి. టీటీజీ మామూలు స్థాయికి రావడానికి 6 నుంచి 12 నెలలు, పెద్దవాళ్లలో నూగు మళ్లీ పెరగడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. 6 నెలలకు టీటీజీ దిగడమే మొదలవకపోతే ఎక్కడో గ్లూటెన్ దూరుతూ ఉండవచ్చు. మళ్లీ ఇంగువ డబ్బా దగ్గర్నుంచి మొదలుపెట్టండి. టీటీజీ దిగి, పాలు తాగినప్పుడే ఉబ్బరిస్తుంటే కొన్నాళ్లు పాలు తగ్గించండి. పేగు మానాక చాలామందికి పాలు మళ్లీ పడతాయి. టీటీజీ మామూలై, రక్తం పట్టి, బరువు పెరిగి, అయినా నొప్పీ ఉబ్బరం మిగిలితే సీలియాక్‌తో పాటు ఐబీఎస్ కూడా ఉండి ఉండవచ్చు. పాత చీటీలోని మెబెవెరిన్‌ను డాక్టరుకు చూపించి అడగాల్సింది అప్పుడే.