కాగితపు గవ్వ సరిగ్గా రావట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

కాగితం మడిచి బొమ్మలు చేసే ఒరిగామిలో కొంగ, కప్ప, పడవ వచ్చేశాక చాలామంది గవ్వల జోలికి వెళ్తారు. సగం మంది అక్కడే ఆగిపోతారు. నత్తగుల్ల చుట్టు తిరగదు, ఆల్చిప్ప పళ్లెంలా చదునుగా ఉండిపోతుంది. "నా చేతికి ఆ నేర్పు లేదు" అనేసుకుని కాగితం నలిపి పడేస్తారు. నేను చెప్పేదేమిటంటే, గవ్వ చెడేది ఎక్కువగా మొదటి మడతకు ముందే, గీతల దగ్గరో కాగితం ఎంపికలోనో. చేతిని నిందించే ముందు స్కేలు తీయండి.

కొలతలు చూపించడానికి ఒక నత్తగుల్లను తీసుకుందాం. పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపర్ మీద లంబకోణ త్రిభుజం గీయండి: పొడవు అంచు 30 సెంటీమీటర్లు, దానికి లంబంగా పొట్టి అంచు 5 సెంటీమీటర్లు. కత్తిరించాక పొడవు అంచు మీద, మొన నుంచి కొలుస్తూ 27, 24.3, 21.9, 19.7, 17.7, 15.9, 14.3, 12.9, 11.6, 10.5, 9.4, 8.5 సెంటీమీటర్ల దగ్గర చుక్కలు పెట్టండి. ప్రతి చుక్క నుంచి ఎదుటి అంచుకు రెండు గీతలు: ఒకటి నిట్టనిలువుగా, రెండోది దానికి 15 డిగ్రీల కోణంలో మొనవైపు వాలుతూ. నిలువు గీత కొండ మడత (గీత శిఖరంలా పైకి లేచేలా), వాలు గీత లోయ మడత (గీత లోపలికి దిగేలా). పెద్ద చివర నుంచి మొనవైపు ఒక్కో జత మడుస్తూ పోతే చుట్టు అదే వస్తుంది.

సమస్య: కాగితం కొంచెం వంగి ఆగిపోయింది, పూర్తి చుట్టు రాలేదు

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే సమస్య ఇదే, కారణం తెలిస్తే మిగతావి సగం వాటంతటవే విడిపోతాయి. కొండ గీతకూ లోయ గీతకూ మధ్య ఎంత కోణం ఉంటే, మడిచాక కాగితం దానికి రెట్టింపు తిరుగుతుంది. 15 డిగ్రీలైతే 30 తిరుగుతుంది. అలాంటివి పన్నెండు చేరితే 360, అంటే ఒక పూర్తి చుట్టు. ప్రొట్రాక్టర్ అటూ ఇటూ జరిగి కోణం 10 డిగ్రీలే పడితే అదే పన్నెండు మడతలకు 240 దగ్గరే ఆగిపోతుంది. రెండు గీతలూ సమాంతరంగా పడ్డాయంటే అసలు తిరగదు, చీర కుచ్చిళ్లలా పక్కకు జరుగుతుందంతే.

కాబట్టి పన్నెండూ మడిచేదాకా ఆగకండి. మొదటి జత మడవగానే పొడవు అంచును చూడండి. 27 సెంటీమీటర్ల చుక్క దగ్గర ఆ అంచు విరిగి, లోపలివైపు 150 డిగ్రీల కోణం కనిపించాలి. 160 ఉందంటే మీ వాలు గీత 10 డిగ్రీలకే పడింది. అక్కడే ఆపి మిగతా గీతలు సరిచేసుకోండి. ఒక్కొక్కదాన్నీ ప్రొట్రాక్టర్‌తో కొలిచే బదులు, అట్టముక్కను 15 డిగ్రీల మూలతో కత్తిరించుకుని దాన్నే ప్రతి చుక్క దగ్గరా ఆనించి గీస్తే తేడా రాదు.

సమస్య: తిరిగింది కానీ గుల్లలా లేదు, గాజులా ఉంది

పట్టీ వెడల్పు, మడతల మధ్య దూరం రెండూ మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంచారన్నమాట. ఒకే అడుగు, ఒకే మలుపు పదేపదే వేస్తే వచ్చేది వలయమే. నత్త పెరిగేకొద్దీ గుల్ల పెద్దదవుతుంది గానీ ఆకారం మారదు. కాగితంలో అది రావాలంటే ప్రతి దూరం ముందుదానిలో ఒకే వంతు ఉండాలి. పైన ఇచ్చిన అంకెలన్నీ 30 నుంచి మొదలుపెట్టి వరసగా 0.9తో గుణించినవే. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మొన వరకు మిగిలేది 8.5 సెంటీమీటర్లు, అంటే మొదటిదానిలో పావు కంటే కాస్త ఎక్కువ. చుట్టులో చుట్టు ఇమడడానికి చోటు అలాగే దొరుకుతుంది. గుల్ల ఇంకా బిగువుగా ఉండాలంటే కోణం ముట్టుకోకుండా 0.92తో లెక్క వేసుకుని, త్రిభుజాన్ని ఇంకాస్త సన్నగా తీసుకోండి.

సమస్య: మధ్యలో ఉండలా ఉబ్బింది

మొన దగ్గర మడతల ఎడం మిల్లీమీటర్లలోకి వచ్చేసరికి కాగితం మందం అడ్డు పడుతుంది. 8.5 తర్వాత 7.6, 6.9, 6.2, 5.6, 5 దాకా వెళ్లి ఆపేయండి. మిగిలిన తోకను సూదికి చుట్టి లోపలికి దోపితే చాలు. అక్కడ మడతలు లేవని ఎవరూ గమనించరు.

సమస్య: చుట్టు వ్యతిరేక దిశలో వచ్చింది

గీతలు కనిపించాలని తెల్లవైపు గీసి, రంగువైపు నుంచి చూస్తే అద్దంలో బొమ్మలా దిశ మారిపోతుంది. కొండ, లోయ మడతలను తారుమారు చేసినా ఇది సరిపోదు, పొరల వరస మారుతుంది గానీ తిరిగే వైపు మారదు. త్రిభుజాన్నే అద్దంలో చూసినట్టు ఎదురుగా గీసుకోవాలి.

చదునైన గుల్లకు ఇది పెద్ద పట్టింపు కాదు. కానీ మడతలు కాస్త వదులు చేసి, మధ్యభాగాన్ని పైకి నెట్టి శంఖంలా చేస్తే దిశ లెక్కలోకి వస్తుంది. మామూలు శంఖాన్ని మొన వైపు నుంచి చూస్తే చుట్టు మధ్య నుంచి బయటికి గడియారం ముల్లు తిరిగే వైపే వెళ్తుంది. దీనికి ఎదురు తిరిగేదే మనవాళ్లు అపురూపంగా చూసుకునే దక్షిణావర్త శంఖం. పూజగదిలో పెట్టడానికి కాగితంతో చేస్తున్నవాళ్లు గీతలకు ముందే ఏది కావాలో తేల్చుకుంటే మంచిది.

సమస్య: మడతలు విచ్చుకుంటున్నాయి, లేదా అంచు పగిలి తెల్లగా కనిపిస్తోంది

రెండింటికీ ముందుగా చూడాల్సింది కాగితం నార దిశ. మిషన్‌లో తయారైన కాగితంలో నార ఎక్కువగా ఒకే వైపు ఉంటుంది. కాగితాన్ని తెగ మడవకుండా అటొకసారి, ఇటొకసారి మెల్లగా వంచి చూడండి. సులువుగా వంగినప్పుడు ఏర్పడే వంపు గీత వెంటే నార ఉంటుంది. మడత గీతలు వీలైనంత వరకు ఆ దిశలో పడాలి. మన నత్తగుల్లకైతే నార త్రిభుజానికి అడ్డంగా, 5 సెంటీమీటర్ల అంచు వైపు ఉండాలి.

రంగు ఒకవైపే ఉన్న కాగితం గట్టిగా గోరుతో రుద్దితే పగులుతుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో గీత మీద ముందుగా ఒత్తి, తర్వాత మడవండి. వానాకాలంలో, సముద్రం పక్క ఊళ్లలో కాగితం చెమ్మ పీల్చి మెత్తబడుతుంది. పూర్తయ్యాక మడతల మధ్య క్లిప్పులు పెట్టి ఒక రోజు పొడిగా ఉన్న చోట వదిలేయండి.

సమస్య: ఆల్చిప్ప మూల చిరిగింది, పైగా గుంటలా రావట్లేదు

చదరపు కాగితం మూలను సగం, మళ్లీ సగం చేసుకుంటూ 16 భాగాలు చేస్తే ఒక్కో గాడి 5.6 డిగ్రీలు. అన్ని గీతలూ ఒకే బిందువు దగ్గర కలిస్తే అక్కడ కాగితం అరిగి చిరుగుతుంది. మూలకు ఒక సెంటీమీటరు ముందే గీతలు ఆపేసి, చివర్లో ఆ మూలను వెనక్కి మడిచేయండి. గాళ్లు ఒకటి లావు ఒకటి సన్నం వస్తుంటే, పొరలన్నీ కలిపి మడుస్తున్నారని అర్థం. ప్రతిసారీ విప్పి, అంచును గీతకు ఆనించి విడిగా మడవాలి.

గుంట రావాలంటే పొడి కాగితంతో కష్టం. జపాన్‌కు చెందిన అకిరా యోషిజావా (1911–2005) ప్రాచుర్యంలోకి తెచ్చిన తడి మడత ఇక్కడ పనికొస్తుంది. కాస్త మందపాటి డ్రాయింగ్ పేపర్‌ను తడిబట్టతో అద్ది, గాళ్లు మడిచి, వెనక నుంచి బొటనవేలితో నెమ్మదిగా నెట్టండి. అంచుల్ని దగ్గరికి లాగి క్లిప్పులతో పట్టి ఉంచి ఆరనిస్తే ఆకారం నిలిచిపోతుంది. కాగితం నీళ్లకు మెత్తబడి ఊడిపోతోందంటే దానిలో జిగురు చాలదన్నమాట. పల్చటి గంజి ఒక పూత పూసి, ఆరాక మళ్లీ తడపండి. గంజి పూసిన గవ్వలను పుస్తకాల అలమరలో మాత్రం పెట్టకండి, వెండి పురుగులు దానికోసమే వస్తాయి.