పెట్రోల్ పికప్‌తో ట్రైలర్ లాగడం ఎలా?

తగిలించడం పెద్ద విద్యేమీ కాదు. ట్రైలర్ ముందు కొనలో ఉండే కప్లర్ (గిన్నెలాంటి కొక్కెం) కొలతకు సరిపోయే బాల్‌ను (లోహపు గుండు) పికప్ వెనుక హిచ్‌కు (ట్రైలర్‌ను తగిలించే అమరిక) బిగించి, కప్లర్‌ను దాని మీదికి దించి, గొళ్లెం వేసి పిన్ను పెట్టండి. ట్రైలర్ ముందు కొనను జాక్‌తో కాస్త ఎత్తితే పికప్ వెనుక భాగమూ లేవాలి. భద్రతా గొలుసులను కప్లర్ కింద అడ్డంగా దాటించి తగిలించండి. లైట్లు, టైర్లలో గాలి చూసుకోండి.

అందరూ తప్పుచేసేది బరువు దగ్గరే. ట్రైలర్ ముందు కొన హిచ్ మీద మోపే భారం, సామానుతో కలిపి ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంటే 2,000 కిలోల ట్రైలర్‌కు 200 నుంచి 300 కిలోలు. తగ్గితే వేగం పెరగగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. మరీ పెరిగితే పికప్ వెనుక కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది.

సామాను బరువులో 60 శాతం ట్రైలర్ ఇరుసుకు ముందు సర్దమంటారు. అది మొదలుపెట్టడానికే పనికొస్తుంది, తూకానికి బదులు కాదు. ట్రైలర్‌ను సమతలంగా నిలిపి, హిచ్ ఎత్తులోనే ముందు కొనను తూచండి. బరువైనవి ఇరుసు దగ్గర, కాస్త ముందుకు ఉండాలి. వెనుక చిట్టచివర పెట్టారో, ఊపు మొదలయ్యాక ఆగడం కష్టం. నీళ్ల ట్యాంకు నింపినా, ఖాళీ చేసినా మళ్లీ తూచాల్సిందే. ఊపును తగ్గించే బార్ కొన్నాం కదా అంటారు కొందరు. సర్దుడులో ఉన్న తప్పును అది కప్పిపెడుతుందే గానీ దిద్దదు.

ఇంకో లెక్క ఉంది. ప్రకటనలో కనిపించే లాగుడు సామర్థ్యాన్ని చూసి మురిసిపోకండి. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన చీటీలో పికప్ మోయగల బరువు ఉంటుంది. అది 600 కిలోలనుకుందాం. మనుషులు, సామాను కలిసి 400 అయితే హిచ్‌కు మిగిలేది 200. మధ్యస్థాయి పికప్‌లో చాలాసార్లు ముందు అయిపోయేది ఇదే.

రోడ్డెక్కాక టో మోడ్ (ట్రైలర్ లాగేటప్పటి గేర్ల సెట్టింగ్) వేయండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం దగ్గర అరిస్తే కంగారు పడకండి. పెట్రోల్ ఇంజిన్ బలం అక్కడే ఉంది. డీజిల్‌వాళ్ల నవ్వులు పట్టించుకోనక్కర్లేదు. దిగేటప్పుడు బ్రేకును నొక్కిపట్టకుండా చిన్న గేరులోకి మారండి. గంటకు 90 కిలోమీటర్లు దాటకూడదు, అంతే.

ట్రైలర్ ఊగితే పికప్ బ్రేకు గట్టిగా తొక్కకండి, స్టీరింగ్ ఎదురు తిప్పకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకును విడిగా వేసే కంట్రోలర్ ఉంటే ఆ బ్రేకును మాత్రమే చేత్తో వేయండి. ఊపు ఆగాక పక్కన ఆపి, సామాను ముందుకు జరిపాకే కదలండి.