చిన్న ఇంటికి మడత కాట్: కొనేముందు చూసుకోవలసినవి

పసిబిడ్డ కోసం మడత కాట్ కొనేవారు సాధారణంగా దాన్ని తెరిచినప్పుడు ఎంత చోటు పడుతుందో చూస్తారు గానీ, మడిచిన తరువాత ఎక్కడ నిలబెట్టాలో ఆలోచించరు. చిన్న ఇంట్లో అసలు సమస్య అక్కడే వస్తుంది. సామాను దాచుకునే పెట్టె మంచాలు వచ్చిన తరువాత మంచం కింద ఖాళీ అన్నదే లేకుండా పోయింది. ఇక పది కిలోల బరువును రోజూ అటక ఎక్కించి దించే ఓపిక బాలింత ఉన్న ఇంట్లో ఎవరికీ ఉండదు. కాబట్టి తలుపు వెనుకనో బీరువా పక్క సందులోనో ముందుగా ఒక చోటు నిర్ణయించుకుని, దాని వెడల్పు, లోతు, ఎత్తు కొలిచి, ఆ కొలతలో ఇమిడే కాట్‌లను మాత్రమే పరిశీలించడం మంచిది. అలాంటి చోటు దొరకకపోతే మడత కాట్ కూడా వారం తిరగకుండానే ఎప్పుడూ తెరిచే ఉండే మామూలు కాట్‌గా మారిపోతుంది.

తెరిచినప్పటి కొలతలను కూడా గది మధ్యలో ఉన్న ఖాళీని బట్టి కాక, గదిలో తెరుచుకునే తలుపులను బట్టి లెక్క వేసుకోవాలి. పది అడుగుల చదరపు గదిలో ఐదు అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు గల మంచాన్ని ఒక మూలకు జరిపి వేశారనుకుందాం. మంచం పక్కన ఐదు అడుగులు మిగులుతాయి గానీ, ఎదుటి గోడకు రెండు అడుగుల లోతు బీరువా ఉంటే నికరంగా ఉండేది మూడు అడుగులే. అక్కడ రెండు అడుగుల వెడల్పు గల కాట్ వేస్తే బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోదు, అర్ధరాత్రి లేచే తల్లికి అడుగు సందు మిగులుతుంది. అదే కాట్‌ను కాళ్ల వైపు అడ్డంగా వేస్తే, అక్కడున్న మూడున్నర అడుగుల్లో ఒకటిన్నర అడుగు నడవడానికి ఉంటుంది. సుద్దముక్కతో నేల మీద కాట్ కొలత గీసి, గది తలుపు, బాత్రూమ్ తలుపు, బీరువా తలుపు ఒక్కొక్కటిగా తెరిచి చూస్తే ఐదు నిమిషాల్లో విషయం తేలిపోతుంది. కాన్పు కాకముందు బిడ్డకు ఏమీ కొనకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లలో కూడా కొలతలు తీసుకోవడానికి అడ్డేమీ ఉండదు.

కాట్ ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి ప్రయాణం చేయాలో కూడా మనం ఆలోచించుకోవాలి. మన ఆనవాయితీ ప్రకారం తొలి కాన్పు పుట్టింట్లో జరిగి, మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు అత్తింటికి వస్తారు. బేసినెట్ అనే చిన్న కాట్ ముచ్చటగానే ఉంటుంది, చోటూ తక్కువే తీసుకుంటుంది. అయితే బిడ్డ బోర్లాపడడం, చేతుల మీద లేవడం మొదలుపెట్టగానే దాన్ని వాడడం ఆపేయాలి. అంటే పుట్టింట్లో కొన్న బేసినెట్ అసలు ఇరుకైన ఇంటికి చేరేసరికి పనికిరాకుండా పోయే అవకాశం ఉంది. అందుకే మొదటి నెలల్లో కాట్‌లోనే ఎత్తుగా అమర్చే పై అరలో, ఆ తరువాత కింది అడుగుభాగంలో పడుకోబెట్టే వీలున్న, మెష్ (వలగుడ్డ) గోడల మడత కాట్, అంటే ప్లేయార్డ్, ఇటువంటి కుటుంబాలకు మేలు. ఇవి బరువుగానే ఉంటాయి గానీ సంచిలో పట్టే కట్టలా మడతపడతాయి కనుక కారు డిక్కీలోనో రైలు బెర్తు కిందో సర్దుకోవచ్చు. కాట్ ఇల్లు దాటదని తెలిస్తే మాత్రం, పలుచగా మడిచి గోడకు ఆన్చగలిగే చెక్క మినీ కాట్ ఎక్కువ గట్టిగా ఉంటుంది.

దుకాణంలో చూసి కొంటున్నట్లయితే అమ్మే మనిషి చేత కాకుండా మీ చేతులతోనే ఒకసారి మడిచి తెరవండి. ప్లేయార్డ్‌లలో ముందుగా నాలుగు వైపులా పై కడ్డీలను ఎత్తి, లాక్ పడిన చప్పుడు వినిపించిన తరువాతే అడుగున మధ్యలో ఉన్న భాగాన్ని కిందికి నొక్కాలి. ఈ వరుస తప్పితే కడ్డీలు బిగుసుకోవు. మడిచేటప్పుడు ఇదంతా తిరగవేసి, మొదట పరుపు తీసి, మధ్య పట్టీని పైకి లాగి, ఆ తరువాతే లాక్‌లు వదులు చేయాలి. తెరిచిన కాట్ పై కడ్డీ మధ్యలో అరచేతితో గట్టిగా నొక్కి చూడండి. లాక్ పడినట్టే కనిపించి, నొక్కగానే ఆంగ్ల అక్షరం ‘వీ’ ఆకారంలో కుంగే కాట్‌ను ఎంత చవకగా వచ్చినా వదిలేయాలి, ఎందుకంటే ఆ మడతలో బిడ్డ మెడ ఇరుక్కునే ప్రమాదం ఉంది.

భద్రత విషయంలో చోటు తక్కువన్న కారణంతో రాజీ పడకూడదు. పుల్లల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు, మెష్ కన్నాలు పావు అంగుళం కంటే చిన్నవిగా ఉండాలి, పరుపుకూ కాట్ గోడకూ మధ్య రెండు వేళ్లకు మించి పట్టకూడదు. ఒక పక్క గోడ కిందికి జారే కాట్‌లను అమెరికా 2011 జూన్ నుంచి నిషేధించింది. 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే నిద్ర పరికరాలనూ, కాట్ చుట్టూ కట్టే మెత్తని బంపర్లనూ నిషేధిస్తూ 2022లో అక్కడ చట్టం వచ్చింది. పెట్టె మీద ఈఎన్ 716 (ఐరోపా ప్రమాణం) లేదా ఏఎస్‌టీఎం ఎఫ్406 (అమెరికా ప్రమాణం) అన్న గుర్తు ఉంటే, ఆ కాట్‌ను ఏ ప్రమాణం ప్రకారం తయారు చేశామని సంస్థ చెబుతోందో తెలుస్తుంది.

మడత కాట్ పరుపు పలుచగా, గట్టిగా ఉంటుంది. బిడ్డకు ఒత్తుకుంటుందని ఇంట్లో పెద్దలు దాని మీద ఒక బొంత పరచమంటారు. ఆ మాట వారు ప్రేమతోనే అంటారు గానీ వినకూడదు, ఎందుకంటే మెత్తని పరుపులో ముఖం కూరుకుపోతే నెలల బిడ్డ తల తిప్పుకోలేడు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా దిండే కనుక నిద్రలో అది కాట్‌లో ఉండకూడదు. కాట్‌తో వచ్చిన పరుపు, దాని మీద బిగుతుగా తొడిగిన ఒక దుప్పటి, వెల్లకిలా పడుకున్న బిడ్డ ఉంటే చాలు. తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పక్క మీద, కనీసం ఆరు నెలల వరకు బిడ్డను పడుకోబెట్టాలని అమెరికా శిశువైద్యుల సంఘం సూచిస్తోంది గనుక, వేరే గది లేదని చిన్న ఇంటివారు బాధపడవలసిన పని లేదు.

మన ఎండలకు నాలుగు వైపులా మెష్ ఉన్న కాటే నయం. దోమతెర విడిగా కొని పైనుంచి వేలాడదీసే కంటే, ఆ మోడల్‌కే బిగుతుగా అమరే తెరను కొనడం మంచిది, ఎందుకంటే వదులుగా వేలాడే గుడ్డను బిడ్డ లాగుతుంది. ఇరుకు గదిలో కాట్ ఎక్కువగా స్విచ్‌బోర్డు పక్కకో కిటికీ కిందకో చేరుతుంది. చార్జర్ వైర్లు, కర్టెన్ తాళ్లు బిడ్డ చేతికి అందకుండా చూసుకోవాలి.

బంధువులు వాడిన కాట్ ఇస్తే లాక్‌లు, మెష్ చిరుగులు, ఊడిన మరలు చూసి తీసుకోవచ్చు గానీ, పోయిన భాగానికి బదులు తాడు కట్టిన కాట్‌ను మాత్రం తీసుకోకూడదు. బిడ్డ ఎత్తు 89 సెంటీమీటర్లకు చేరినా, అంతకు ముందే కాట్ గోడ ఎక్కి దాటే ప్రయత్నం మొదలుపెట్టినా, కాట్ మడిచి లోపల పెట్టేసి నేల మీద పక్క వేయాలి.