కాఫీ గింజల వాసన ఇంట్లో నిలవడం లేదా? ముందు తేదీ చూడండి, తర్వాత డబ్బా మూత విప్పండి

కాఫీ ఘుమఘుమ తగ్గిందనగానే చాలామంది కొట్టు మారుస్తారు, ఆ తర్వాత బ్రాండు మారుస్తారు, చివరికి కొత్త ఫిల్టరు కొంటారు. ప్యాకెట్టు తిప్పి తేదీ చూసేవాళ్లు మాత్రం తక్కువ. వేయించిన గింజలు కొని, ఇంట్లోనే పొడి పట్టుకుని, ఫిల్టరులో డికాషన్ తీసుకునేవాళ్ల కోసం ఇది. గాలి చొరని డబ్బా, ఎండ తగలని చోటు, తడి లేని చెంచా సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

డికాషన్ చప్పగా ఉంది, వాసనే లేదు

మరేదీ ముట్టుకోకముందు వేయించిన తేదీ చూడండి. ప్యాక్ చేసిన తేదీని, 'ఇన్ని నెలల్లోపు వాడాలి' అన్న గడువును లెక్కలోకి తీసుకోకండి. ఆరు నెలలని, ఏడాదని రాసే ఆ గడువు గింజ తినడానికి పనికొస్తుందని చెబుతుంది గానీ, అందులో వాసన ఉందని చెప్పదు. వేయించి నాలుగైదు వారాలు దాటిన గింజను ఎంత మంచి డబ్బాలో పెట్టినా పోయిన వాసన తిరిగి రాదు. వేయించిన తేదీ లేని ప్యాకెట్టు కొనకపోవడమే మేలు.

ఇప్పటికే ఇంట్లో ఉన్న గింజల వయసు తెలియకపోతే, ఒక గుప్పెడు జిప్ కవర్లో వేసి, గాలంతా నొక్కేసి, మూసి రాత్రంతా వదిలేయండి. వేయించేటప్పుడు గింజలో చేరిన కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఉంటే తెల్లారేసరికి కవరు ఉబ్బుతుంది. ఏమాత్రం ఉబ్బలేదంటే గ్యాసుతో పాటు వాసన కూడా చాలావరకు పోయినట్టే. పొడి మీద వేడి నీళ్లు పోసినప్పుడు బుడగలు లేకుండా నీళ్లు చప్పున దిగిపోవడం కూడా ఇదే గుర్తు.

దీనికి మందు కొనే దగ్గరే ఉంది. పూటకు 20 గ్రాముల చొప్పున రెండు పూటలకు రోజుకు 40 గ్రాములు వాడే ఇంట్లో 250 గ్రాములు ఆరు రోజులకు సరిపోతాయి. చవకగా వస్తోందని కిలో తెస్తే అడుగున ఉన్న గింజల వంతు వచ్చేసరికి దాదాపు నెల అవుతుంది. పొడి కూడా ఏ పూటకు ఆ పూటే పట్టుకోవాలి. గింజలో వారాల తరబడి నిలిచే వాసన పొడి అయ్యాక గంటల్లోనే తగ్గిపోతుంది.

వేయించి రెండు రోజులే అయింది, అయినా రుచి కుదరడం లేదు

మరీ కొత్తవి. గ్యాసు ఎక్కువగా ఉండటంతో పొడి పొంగుతుంది, నీళ్లు సమంగా పట్టవు. అయిదు నుంచి ఏడు రోజులు ఆగండి. ఈలోగా బిగుతు మూత సీసా తీసినప్పుడు బుస్సుమంటే కంగారు పడక్కర్లేదు.

ప్యాకెట్టులో ఘుమఘుమలాడాయి, డబ్బాలో పోసిన నాలుగో రోజుకే పాత నూనె వాసన

అందరినీ మోసం చేసేది ఇదే. తేదీ బాగుంటుంది, డబ్బా గట్టిదే, అర చల్లగానే ఉంటుంది. అయినా సీసా మూత తీస్తే అప్పడాలు వేయించి వారం దాటిన నూనె వాసన. బ్రాండు మారిస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ అదే వాసన. తప్పు గింజలది కాదు, డబ్బాది.

వేయించిన గింజలో నూనె ఉంటుంది. ముదురు రోస్టు అయితే అది పైకి వచ్చి మెరుస్తుంది. ప్రతిసారీ కాస్త నూనె డబ్బా గోడలకు, ముఖ్యంగా మూతలోని గాస్కెట్‌కు అంటుకుంటుంది. కంటికి కనిపించనంత పలుచగా ఉన్న ఆ పొర గాలికి వారాల్లో ముక్కిపోతుంది. గింజ గుల్లగా ఉంటుంది కాబట్టి దగ్గర ఏ వాసన ఉన్నా పీల్చుకుంటుంది. పైగా డబ్బా గాలి చొరనిది. ముక్కిన వాసన బయటికి పోయే దారి లేక గింజల్లోకే దిగుతుంది. మామూలు డబ్బా కన్నా ఖరీదైన గాస్కెట్ డబ్బాలో ఈ గొడవ ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే. పాత గింజలు అడుగున ఉండగానే పైన కొత్తవి పోసే అలవాటు ఉన్న ఇంట్లో డబ్బా కడగడమనేదే జరగదు.

నిర్ధారించుకోవడం తేలిక. ఖాళీ డబ్బా మామూలుగా కడిగి, పూర్తిగా ఆరాక మూత బిగించి ఒక రోజు వెచ్చని చోట ఉంచండి. మూత తీయగానే వాసన చూడండి. ఆ తర్వాత గాస్కెట్‌ను గాడి నుంచి ఊడదీసి విడిగా వాసన చూడండి. డబ్బాలో ఏమీ లేకపోయినా గాస్కెట్‌లో దొరకడం మామూలే. ఇంకా అనుమానం ఉంటే, కొత్త ప్యాకెట్టు నుంచి 50 గ్రాములు కొత్త జిప్ కవర్లో, 50 గ్రాములు ఆ డబ్బాలో వేసి ఒకే అరలో అయిదు రోజులు ఉంచండి. కవర్లోవి బాగుండి డబ్బాలోవి ముక్కితే ఇక కొట్టువాణ్ని అనక్కర్లేదు.

చల్లటి నీళ్లతో తొలిపితే ఈ నూనె పోదు. గాజు, స్టీలు డబ్బాలకు లీటరు బాగా వేడి నీళ్లలో ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలిపి అరగంట నాననివ్వండి. గాజును ముందు గోరువెచ్చని నీళ్లతో తడపాలి, లేకపోతే పగిలే ప్రమాదం ఉంది. చేతికి గ్లౌజు వేసుకోండి. నానాక గిన్నెల సబ్బుతో రుద్ది, రెండు మూడుసార్లు కడగండి. అల్యూమినియం డబ్బాకు చాకలి సోడా వాడకూడదు, లోహాన్ని తినేస్తుంది. సిలికాన్ గాస్కెట్‌ను పది నిమిషాలు మరిగించండి. అప్పటికీ వాసన ఉంటే కొత్తది వేయండి. ప్లాస్టిక్ డబ్బాకు పట్టిన వాసన మాత్రం వదలదు, దాన్ని పప్పులకు వాడుకోండి. ఆవకాయ, ఇంగువ, మసాలాలు ఉంచిన డబ్బాలనైతే కాఫీ దగ్గరికి రానివ్వకండి. కడిగినవన్నీ ఎండలో ఒక పూట ఆరనిచ్చాకే బిగించాలి. గాస్కెట్ గాడిలో మిగిలిన ఒక్క చుక్క నీళ్లు చాలు మరో తలనొప్పి మొదలవడానికి.

డబ్బా శుభ్రంగా ఉన్నా వాసన వస్తోందంటే పొడి పట్టే యంత్రం చూడండి. గ్రైండరులో గింజలు పోసే గిన్నెను సబ్బుతో కడగవచ్చు. పళ్ల చక్రాలకు మాత్రం నీళ్లు తగలనివ్వకుండా పొడి బ్రష్షుతో దులపాలి. మిక్సీ అయితే కాఫీకి ఒక చిన్న జారు విడిగా కేటాయించండి, దాని మూత రింగు కూడా తీసి కడగండి.

ఇది మళ్లీ రాకూడదంటే గింజలను డబ్బాలోకి ఒంపకపోవడమే తేలిక మార్గం. ప్యాకెట్టుకు గుండ్రటి చిన్న వాల్వు ఉంటే అది గ్యాసును బయటికి పంపి గాలిని లోపలికి రానివ్వదు. వాడినంత వాడి, గాలి నొక్కి, మడిచి, క్లిప్పు పెట్టి ప్యాకెట్టునే డబ్బాలో ఉంచండి. నూనె ప్యాకెట్టుకే అంటుకుంటుంది, ప్యాకెట్టుతోనే పోతుంది. విడి గింజలే పోయాలనుకుంటే 250 గ్రాములకు 700 మిల్లీలీటర్ల డబ్బా చాలు. రెండు లీటర్ల డబ్బాలో పోస్తే మిగతా చోటంతా గాలే.

గింజ మెత్తబడింది, పుటుక్కుమని విరగడం లేదు

తేమ తగిలింది. ఎక్కువసార్లు దీనికి కారణం ఫ్రిజ్. చల్లటి గింజలున్న డబ్బాను వంటింట్లో తెరవగానే గాలిలోని తేమ వాటి మీద నీరుగా దిగుతుంది, రోజూ తీసి పెడుతుంటే రోజూ దిగుతుంది. శ్రావణమాసంలో విశాఖ లాంటి ఊళ్లో ఇది మరీ ఎక్కువ. రోజూ వాడేవి ఫ్రిజ్‌లో పెట్టకండి. ఎక్కువ కొనేశారా, అప్పుడు డీప్ ఫ్రీజర్. 80 గ్రాముల పొట్లాలుగా విడదీసి, గాలి తీసి, రెండేసి కవర్లలో మూసి పెట్టండి. తీసిన పొట్లాన్ని రాత్రంతా బయట ఉంచి, చల్లదనం పూర్తిగా పోయాకే విప్పండి. విప్పినదాన్ని మళ్లీ ఫ్రీజర్లో పెట్టొద్దు. మెత్తబడ్డ గింజలను పెనం మీద వేడి చేసి కాపాడదామని చూడకండి. మిగిలిన వాసన కూడా పోతుంది.

వేసవిలోనే త్వరగా పాడవుతున్నాయి

డబ్బా స్టవ్ పై అరలోనో, ఫ్రిజ్ నెత్తినో, ఇన్వర్టర్ పక్కనో ఉందేమో చూడండి. పడకగదిలో కింది అర మేలు, అక్కడ కలరా ఉండలు లేకపోతే.

అరుదుగా వచ్చేవి

గింజ చీలికలో తెల్లటి పొర బూజు కాదు, అది గింజ పైపొర. ముదురు రోస్టు మీద నూనె మెరుపు దానికది దోషం కాదు. మాన్సూన్డ్ మలబార్ అనే రకం కాఫీకి మట్టివాసన సహజం, పచ్చి గింజను సముద్రపు తేమగాలి తగిలేలా పరిచి ఉంచి తయారు చేస్తారు కాబట్టి. పురుగు పచ్చి గింజలకు పడుతుంది గానీ వేయించినవాటిలో కనిపించడం అరుదు. కనిపిస్తే డబ్బాతో పాటు పక్కనున్న పప్పు డబ్బాలు కూడా చూడండి.