అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ నేర్చుకుందాం – 3: ముందు బండికి ఎంత ఎడం?

అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ అంటే మనం పెట్టిన వేగంలో కారును నడుపుతూ, ముందు బండిని రాడార్‌తో చూసి దానంతటదే వేగం తగ్గించి, పెంచే ఏర్పాటు. కిందటి పాఠంలో బండి ఆపి ఉంచి సెట్ (వేగం ఖాయం చేసేది), రెజ్యూమ్ (మళ్లీ ఆ వేగానికి తెచ్చేది), క్యాన్సిల్ (ఆపేది) మీటలు వేళ్లకు అలవాటు చేసుకున్నాం. ఈసారి రోడ్డెక్కుదాం. విశాఖ దగ్గరి ఆనందపురం–అనకాపల్లి ఆరు వరసల రహదారి సాధనకు బాగుంటుంది. వాన లేని ఆదివారం, తెల్లగా తెల్లారాక బయల్దేరండి. నగరంలో మద్దిలపాలెం ట్రాఫిక్‌లో వద్దు. అరకు ఘాట్‌లో అసలే వద్దు: మలుపులో ముందు బండి రాడార్ చూపులోంచి పక్కకు తప్పుకుంటే, దారి ఖాళీ అయిందనుకుని కారు వేగం పెంచేస్తుంది.

మధ్య వరసలో 80కి చేరాక సెట్ నొక్కండి. తర్వాత, ముందు బండికి ఎంత ఎడం ఉంచాలో చెప్పే మీట. చాలా కార్లలో మూడు, నాలుగు మెట్లుంటాయి; డ్యాష్‌బోర్డు బొమ్మలో కారు ముందు గీతలు పెరిగితే ఎడం పెరిగినట్టు. అన్నిటికన్నా ఎక్కువ గీతలతోనే మొదలుపెట్టండి. ఈ మెట్లు సాధారణంగా మీటర్లలో కాదు, సెకన్లలో పనిచేస్తాయి. 80లో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది, అంటే రెండు సెకన్ల ఎడమంటే 44 మీటర్లు. 100లో అదే మెట్టు 56 మీటర్లు అవుతుంది.

మీ కారు నిజంగా ఎంత ఉంచుతోందో లెక్కపెట్టి చూడండి. ముందు లారీ వెనక బంపరు ఒక దీపస్తంభం దాటగానే ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు’ అనుకోండి. రెండోది పూర్తికాకముందే మీరు స్తంభం దగ్గరికి వచ్చేస్తే, ఇంకో మెట్టు పెంచాలి. ఎడం ఎక్కువైతే ఆటోలు, బైకులు మధ్యలో దూరతాయన్నది నిజమే. దూరినా కారు మెల్లగా వెనక్కి తగ్గి మళ్లీ ఎడం తీసుకుంటుంది. ఎడం తక్కువుంటే మాత్రం ఎవరు దూరినా గట్టిగా బ్రేకు పడుతుంది, వెనక బండివాడికి ప్రమాదం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆగి ఉన్న లారీ. కదిలే బండిని రాడార్ బాగా పట్టుకుంటుంది. వంతెన గోడలు, సూచిక బోర్డుల వంటి కదలని వాటికి ప్రతిసారీ బ్రేకు పడకుండా చాలా వ్యవస్థలు వాటిని లెక్కలోంచి తీసేస్తాయి. ఆ వడపోతలోనే రోడ్డు మీద నిలిపేసిన లారీ కూడా పోవచ్చు. మీ ముందు కారు చివరి క్షణంలో పక్క వరసకు తప్పుకుంటే, మీకు హఠాత్తుగా ఎదురయ్యేది ఆ లారీయే. అందుకే కుడి పాదం నేల మీద కాదు, బ్రేకు పెడల్ ముందు ఉండాలి. పశువుల్నీ, ఎదురొచ్చే బైకుల్నీ కూడా మీరే చూసుకోవాలి.

సర్వీసు రోడ్డులోకి దిగేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. 90కి సెట్ చేసి, 50లో పోతున్న లారీ వెనక చాలాసేపు నడిచారు. మీరు ఎడమకు దిగగానే ముందు బండి ఉండదు, కారు 90 కోసం పరుగందుకుంటుంది. ఇండికేటర్ వేయకముందే క్యాన్సిల్ నొక్కండి. బ్రేకు తొక్కినా వ్యవస్థ ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ఆగదు, కాలు తీయగానే పాత వేగానికి వచ్చేస్తుంది.

బయల్దేరేముందు రాడార్ ముందున్న కవర్‌ను తడి మెత్తగుడ్డతో తుడవండి. అది కొన్ని కార్లలో గ్రిల్ మీది కంపెనీ గుర్తు వెనక, కొన్నిటిలో బంపరు కింది భాగంలో ఉంటుంది. బురద పట్టినా, ముందు ఇనప గార్డు బిగించినా చూపు దెబ్బతింటుంది. జోరువానలో కొన్నిసార్లు హెచ్చరిక వచ్చి వ్యవస్థ దానంతటదే ఆగిపోతుంది, అప్పుడు వేగం మీ కాలిదే.

వచ్చే పాఠం: ట్రాఫిక్‌లో ఆగి, మళ్లీ కదిలే రకం కార్లు.