తొలకరికి ముందే ఇంట్లో ఆర్‌సీసీబీ, ఎర్తు, గీజరు, గ్యాస్ పరీక్షించుకోవడం ఎలా?

ఫ్యాను పాడైతే ఆ పూటే తెలుస్తుంది. ఎర్తు తీగ తెగితే మాత్రం ఎవరికీ తెలియదు. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, మోటారు నీళ్లు ఎక్కిస్తూనే ఉంటుంది. ప్రాణం కాపాడటానికి ఇంట్లో పెట్టినవన్నీ ఇలాంటివే. పరీక్షించి చూస్తే తప్ప అవి బాగున్నాయో పోయాయో బయటపడదు.

కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం వైపూ ఈ పని మరీ అవసరం. గోడలకు చెమ్మ ఎక్కువ, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి. బోర్డులోని స్క్రూలు తుప్పు పడతాయి, రాగి తీగ కొసలకు చిలుం పడుతుంది. రోహిణి కార్తె దీనికి మంచి అదను. నేల బాగా ఎండి ఉన్నప్పుడు కూడా ఎర్తు సరిగా ఉందంటే, వానలు పడ్డాక దాని గురించి బెంగ అక్కర్లేదు.

ఒక టెస్టరు, ఒక డిజిటల్ మల్టీమీటరు, గిన్నెడు సబ్బునీళ్లు, టార్చిలైటు ఉంటే చాలు. కాళ్లకు ఆరిన రబ్బరు చెప్పులు వేసుకోండి. బోర్డు మూత విప్పి చేసే పని ఏదైనా ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ఆర్‌సీసీబీ పడుతోందా?

మెయిన్ బోర్డులో ‘టి’ అని రాసిన చిన్న బటన్ ఉండి, కరెంటు లీకైతే మీట కిందికి పడి లైను ఆపేసేదే ఆర్‌సీసీబీ. చాలామంది దీన్ని ఈఎల్‌సీబీ అనే అంటారు. దాని మీద 30 మిల్లీయాంప్ అనో, 0.03 ఆంప్ అనో ఉండాలి. 100 లేదా 300 ఉంటే అది మంటలు రాకుండా చూడటానికే. మనిషిని షాక్ నుంచి కాపాడటానికి అది చాలదు. బోర్డులో ఎంసీబీలు తప్ప ఈ బటన్ ఉన్నది ఏదీ లేకపోతే, ఈ వ్యాసంలో మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దాన్ని పెట్టించండి. 16 ఆంప్ ఎంసీబీ తీగ కాలిపోకుండా ఆపుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కరెంటు కూడా అక్కర్లేదు, అంత చిన్న లీకుకు ఎంసీబీ కదలదు.

1. కంప్యూటరు, టీవీ, ఫ్రిజ్ కట్టేయండి.
2. కరెంటు ఉన్నప్పుడే ‘టి’ బటన్ నొక్కండి. కరెంటు లేనప్పుడు అది మంచిదైనా పడదు.
3. నొక్కిన వెంటనే మీట టక్కున కిందికి పడాలి. రెండోసారి నొక్కితేనో, గట్టిగా అదిమితేనో పడితే అది లోపల బిగుసుకుపోతోందన్నట్టే. మార్చేయండి.
4. మీట పైకెత్తి మళ్లీ కరెంటు ఇవ్వండి.

నెలకోసారి ఇలా చేస్తే లోపలి స్ప్రింగు, గొళ్లెం కదలికలో ఉంటాయి. ఏళ్ల తరబడి ముట్టుకోని ఆర్‌సీసీబీలే అవసరానికి పడకుండా మొరాయిస్తాయి. ఇంకో సంగతి: ఈ బటన్ ఆ పెట్టెను మాత్రమే పరీక్షిస్తుంది. మీ ఎర్తు సంగతి దానికి తెలియదు.

ఊరికే పడిపోతుంటే

వానాకాలంలో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతుంటే, విసుగొచ్చి దాన్ని తప్పించి నేరుగా లైను కలిపించేసే ఇళ్లు చాలా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయించకండి. అది పడుతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోంది. ఆ చోటు వెతికి పట్టుకోవడం కష్టమేమీ కాదు.

ముందు ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీని ఎత్తండి. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ రండి. దేనికి పడిందో ఆ లైనులోని ప్లగ్గులన్నీ సాకెట్ల నుంచి పీకేయండి. స్విచ్ కట్టేస్తే సరిపోదు. స్విచ్ ఫేజును మాత్రమే ఆపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. తర్వాత ఒక్కొక్క ప్లగ్గే పెట్టి చూస్తే దొంగ దొరుకుతుంది. ఎక్కువసార్లు అది గీజరు ఎలిమెంటో, ఆరుబయట వాన తగిలే మోటారో, డాబా మీద వర్షం దిగే లైటు పాయింటో అవుతుంది.

ఎంసీబీలన్నీ దించినా నిలబడకపోతే ఎక్కడో న్యూట్రల్ తీగ గోడ చెమ్మకో ఎర్తుకో తగులుతూ ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్రతి లైనునూ తీగల తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిపించండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ వచ్చిన లైనులో తీగలు మార్చాల్సిందే.

ఇన్వర్టరు బిగించిన మర్నాటి నుంచే పడటం మొదలైతే కారణం వేరు. ఇన్వర్టరు లైన్ల న్యూట్రల్‌ను తెచ్చి ఆర్‌సీసీబీకి అవతల కలిపేసి ఉంటారు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోయేసరికి అది లీకనుకుని పడిపోతుంది. బిగించినవాళ్లనే పిలిచి ఆ న్యూట్రల్ వేరు చేయించండి.

ఎర్తు

మూడు రంధ్రాల సాకెట్లో పైనున్న పెద్దది ఎర్తు. మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద, 600 లేదా 750 దగ్గర పెట్టి మూడు కొలతలు తీయండి.

ఫేజు, న్యూట్రల్ మధ్య సుమారు 230 రావాలి. ఫేజు, ఎర్తు మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్తు మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఫేజు, ఎర్తు మధ్య 100, 120 లాంటి అంకె వచ్చి ఊగుతుంటే ఎర్తు తీగ ఎక్కడో తెగిపోయినట్టే. వంటింట్లో, స్నానాల గదిలో, మోటారు దగ్గర ఉన్న సాకెట్లు ఒక్కటీ వదలొద్దు.

అన్నీ బాగా వచ్చినా సగం పనే అయింది. మీటరు చాలా తక్కువ కరెంటుతో కొలుస్తుంది కాబట్టి, తుప్పు పట్టి ఒక్క పోగు మీద వేలాడే తీగ కూడా దానికి మంచిదిగానే కనిపిస్తుంది. అందుకే ఎర్తు గొట్టం పాతిన గుంట దగ్గరికి వెళ్లి కళ్లతో చూడాలి. మూత తీసి, గొట్టానికి తీగ బిగించిన క్లాంపును చూడండి. డెల్టాలో ఎర్తు పోయేది ముందుగా అక్కడే. గుంటలో వేసిన ఉప్పు, మట్టి చెమ్మ కలిసి జీఐ (జింకు పూత పూసిన ఇనుము) గొట్టాన్ని తినేస్తాయి. మిగతా గొట్టం గట్టిగానే ఉన్నా క్లాంపు కింద పొరలు పొరలుగా ఊడిపోతుంది. మెయిన్ ఆపించి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా గీకించి, కొత్త బోల్టు వేయించి, పైన గ్రీజు పూయించండి. వేలితో నొక్కితే గొట్టం లొత్త పడుతుంటే కొత్త ఎర్తు వేయించడమే మార్గం. 40 మిల్లీమీటర్ల లావు, రెండున్నర మీటర్ల పొడవు ఉన్న జీఐ గొట్టం వాడుకలో ఉంది.

ఎర్తు టెస్టరుతో కొలిపించి 5 ఓమ్‌ల లోపు ఉందేమో చూసుకోండి. మన తడి నేలలో అది సులువుగానే వస్తుంది. కొళాయి గొట్టానికి ఎర్తు కలిపిన పాత ఇళ్లు ఉంటాయి. మధ్యలో పీవీసీ గొట్టం వేసిన రోజే ఆ ఎర్తు పోయింది.

ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూడటం చాలామందికి అలవాటు. ఎర్తు తెగి ఉంటే ఆ బల్బు గుండా కరెంటు ఎర్తు తీగలోకి వెళ్లి ఫ్రిజ్, గ్రైండరు, వాషింగ్ మెషిన్ బాడీలన్నిటికీ ఎక్కుతుంది. ఆ పరీక్ష ఇంట్లో చేయొద్దు.

సర్వీసు తీగ, దండెం

స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే తీగకు మీ ఆర్‌సీసీబీ కాపలా లేదు, ఎందుకంటే అది మీటరు తర్వాత ఉంది. సర్వీసు తీగను మోసే జీఐ తీగ దగ్గర, కొబ్బరి మట్టలు రాసుకునే చోట, డాబా పిట్టగోడకు ఆనే చోట పైతొడుగు ఒరిసిపోయిందేమో నేల మీద నిలబడే చూడండి. ఒరిస్తే ఆ జీఐ తీగకు కరెంటు వస్తుంది. దాన్ని కట్టిన ఇనుప గొట్టానికే దండెం కూడా కట్టి ఉంటే, తడిబట్ట ఆరేసే మనిషికి షాక్ కొడుతుంది. దండెం ఇనుప తీగ అయితే ఇవాళే తీసేసి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు తీగ మార్చడానికి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. మట్టలు మీరే నరకబోవద్దు.

గీజరు

చన్నీళ్లు లోపలికి వెళ్లే గొట్టం దగ్గర ఉండే, లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు వదిలేసే చిన్న ఇత్తడి వాల్వే ప్రాణాధారం. దాని మీది ఒత్తిడి అంకె, గీజరు పలక మీద రాసిన అంకెను మించకూడదు. చాలావాటికి 8 బార్ ఉంటుంది. ప్లగ్గు పీకి, నీళ్లు చల్లారాక వాల్వు మీట ఎత్తి పట్టుకోండి. నీళ్లు ధారగా రావాలి, మీట దించగానే ఆగాలి. రాకపోతే బోరునీళ్ల ఉప్పు పేరుకుని మూసుకుపోయినట్టు, మార్చండి. కాగేటప్పుడు చుక్కలు పడటం మామూలే, దానికి బిరడా బిగించొద్దు. వాల్వుకూ గీజరుకూ మధ్య కొళాయి ఉండకూడదు.

నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ పనిచేస్తోందో లేదో తెలియడానికి గీజరు వేసి గడియారం చూడండి. 15 లీటర్లు, 2 కిలోవాట్లు అయితే అరగంటలోపు దానంతటదే ఆగి దీపం ఆరాలి. ఆగకపోతే మళ్లీ వేయకండి.

గ్యాస్ బండ

బండ తెచ్చిన మనిషి ముందే సీలు తీయించి, వాల్వు లోపల రబ్బరు రింగు ఉందో లేదో చూసి, నాలుగు చుక్కల సబ్బునీళ్లు వేయండి. బుడగలు వస్తే తీసుకోవద్దు. బండ పైన పట్టీ లోపలివైపు ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన ఏడాది ఉంటాయి. సి-27 అంటే 2027 జులై–సెప్టెంబరు త్రైమాసికంలో దాన్ని పరీక్షకు పంపాలి. గడువు దాటితే వెనక్కి ఇచ్చేయండి.

గొట్టం నారింజ రంగు సురక్ష గొట్టమై, ఐఎస్ 9573 ముద్ర ఉండి, ఒకటిన్నర మీటరుకు మించకూడదు. అయిదేళ్లకోసారి మార్చాలి. పొయ్యి వైపు కొసను వంచి చూడండి, పగుళ్లు ముందుగా అక్కడే వస్తాయి. పొయ్యి నాబ్‌లు మూసి, రెగ్యులేటరు తెరిచి, రెండు కొసలకూ సబ్బునురగ పూయండి. అగ్గిపుల్లతో వెతకడం మాత్రం ఎప్పుడూ వద్దు. వాసన వస్తే స్విచ్‌లు వేయకుండా, కట్టకుండా రెగ్యులేటరు మూసి తలుపులన్నీ తెరిచి బయటికి వచ్చి గ్యాస్ లీకు నంబరు 1906కు చెప్పండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది.

ఇంట్లోకి వరద వస్తే

2022 జులైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. నీళ్లు గడప దాకా వస్తున్నాయనగానే, కాళ్లు తడవకముందే మెయిన్ దించండి. ఆలస్యమై బోర్డు దగ్గర నీళ్లు నిలిచి ఉంటే దాని జోలికి వెళ్లకుండా 1912కు చెప్పి స్తంభం దగ్గరే ఆపించండి. నీళ్లు దిగాక, మునిగిన ఎంసీబీలను, ఆర్‌సీసీబీలను ఎండబెట్టి వాడొద్దు. లోపల చేరిన ఒండ్రు కడిగినా పోదు, అవి పైకి బాగున్నట్టే కనిపిస్తూ అవసరానికి పడవు. మునిగిన సాకెట్లు, స్విచ్‌లు కూడా కొత్తవే వేయించండి. మోటారును వైండింగ్ షాపులో ఆరబెట్టించి, లైన్లన్నీ మెగ్గర్‌తో కొలిచి సరే అనిపించుకున్నాకే కరెంటు ఇప్పించుకోండి. తిరిగి బిగించేటప్పుడు బోర్డునూ సాకెట్లనూ కిందటి వరద గీత కన్నా కనీసం రెండడుగులు పైన పెట్టించండి.